స్టాండు లేని బంతి

మా వీధిలో మమ్మల్ని బంతులవాళ్ళంటారు. భూగోళాలు చేసేవాళ్ళు అనడానికి నోరు తిరగదో ఏమో, పోస్టు తెచ్చే మనిషితో సహా అందరికీ మేం బంతులవాళ్ళమే. ముందుగదిలో మావయ్య చెక్క అచ్చు మీద తడికాగితాలు పొరలు పొరలుగా వేసి, ఆరాక నడిమికి కోసి రెండు చిప్పలుగా ఊడదీసి, మళ్ళీ వాటిని అతికించి, పైన సుద్ద పూసి నున్నగా రుద్దుతారు. వెనకగదిలో నేనూ అత్తయ్యా ఆ తెల్లటి బంతులకి లోకాన్ని అంటిస్తాం.

లోకం మాకు అచ్చాఫీసు నుంచి కాగితం మీద వస్తుంది, నారింజ తొనల్లాంటి ముక్కలుగా. మేం కూడా వాటిని తొనలనే అంటాం. ఒక్కో తొనకీ జిగురు రాసి, ధ్రువం దగ్గర గుచ్చిన పై సూది నుంచి మొదలుపెట్టి కింది సూది దాకా, సాగకుండా, ముడత పడకుండా అంటించుకుంటూ రావాలి. ఎక్కడో రవ్వంత సాగిందంటే ఆఖరి తొనకి చోటుండదు, ఒక దేశమో సముద్రమో ఇరుకైపోతుంది. అత్తయ్య చేతిలో ఆఖరి తొన డబ్బాకి మూత పెట్టినట్టు కూర్చుంటుంది. నా చేతిలో కూర్చుని చస్తే కదా!

అత్తలేని కోడలు ఉత్తమురాలంటారు గానీ, అత్తయ్య లేకపోతే నాకీ పని అబ్బేది కాదు. అలాగని ఆవిడ నోరు మంచిదనుకునేరు. వెనకగదిలో ఆవిడ పెట్టిన చట్టం ఒకటుంది. బంతిని తలకిందులుగా పెట్టకూడదు. బల్ల మీదున్నా, ఒళ్ళో ఉన్నా, స్టాండుకి ఎక్కకముందే అయినా, ఉత్తరం సూది పైకే ఉండాలి. నేను మరిచిపోయి బోర్లించానా, బ్రష్షు వెనక్కి తిప్పి వేళ్ళ మీద ఒక్కటిచ్చేది.

"లోకాన్ని తలకిందులు చేస్తావేమే! ఏం పోయేకాలం నీకు?"

ఇంకో అలవాటు కూడా ఉంది ఆవిడకి. వార్నిష్ ఆరి, బంతి పెట్టెలోకి వెళ్ళేముందు, దాని మీద ఒక సముద్రం వెతుక్కుని అరచెయ్యి ఆనించి "జాగ్రత్త నాయనా" అంటుంది. ఆ సముద్రంలో ఆవిడ కొడుకున్నాడు. అంటే మా ఆయన. సరుకు ఓడలో, ఇంజను గదిలో, నూనె డబ్బా పట్టుకుని తిరిగే ఉద్యోగం. ఆవిడ అలా చెయ్యి పెట్టినప్పుడల్లా నేను అటు తిరిగి తాళ్ళు సర్దుతున్నట్టు నటిస్తాను. నవ్వు రాకుండా అని ఆవిడ అనుకుంటుంది. అనుకోనివ్వండి.

ఓడ ఎక్కేముందు రోజు ఆయన ఎదురు మందుల షాపుకి ఫోన్ చేశాడు. మాకు ఫోన్ లేదు, ఆ షాపు ఫోనే మాది.

"మనుషులు చంద్రుడి దాకా వెళ్తున్నారటే. ఇక్కడ రేడియోల్లో ఒకటే గోల. దారిలో వెనక్కి తిరిగి భూమిని ఫొటో తీస్తారట. ఆ వారమంతా నేను సముద్రం మధ్యలోనే ఉంటాను. పైకొచ్చి చెయ్యి ఊపుతా, ఫొటోలో పడతానేమో చూడు."

"ఆ నూనె మొహంతోనా? కడుక్కుని మరీ ఊపండి, లోకమంతా చూస్తుంది" అన్నాను.

మందుల షాపాయన ముందు అంతకన్నా మంచి మాట ఏమనగలను? మా ఆయన నవ్వాడు. ఫోన్ పెట్టేశాడు. ఆ తర్వాత ఇక మాట లేదు.

చంద్రుడి దాకా వెళ్ళినవాళ్ళు వెళ్ళారు, తిరిగొచ్చారు, దండలేయించుకున్నారు. మా ఆయన ఓడ మాత్రం చేరాల్సిన రేవుకి చేరలేదు. ఓడల ఆఫీసులో గుమస్తా నన్ను చూడగానే ముందే తల అడ్డంగా ఊపేవాడు. "రేడియో కబురు ఆగిపోయిందమ్మా. ఆగితే మునిగినట్టు కాదు. ఏదైనా తెలిస్తే మేమే చెబుతాం, మీరు రోజూ రానక్కర్లేదు." రోజూ రానక్కర్లేదట! మాట ఆగింది వాడింటి మనిషిదైతే తెలిసేది. అంత దూరం నుంచి మనుషులు ఆడిన మాటలు మా వీధి రేడియోలో ఖంగుమని వినబడ్డాయి, పక్క సముద్రంలో ఉన్న ఓడ మాట వినబడదా? ఇదెక్కడి న్యాయమో నాకర్థం కాలేదు.

అప్పటి నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరిగాను. బల్ల దగ్గర కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే గుమ్మం దాకా వెళ్ళాలనిపించేది. మందుల షాపులో ఫోన్ మోగితే చాలు, చేతిలో తొన చేతిలోనే ఉండగా వీధి దాటేదాన్ని. జిగురు చేతుల్తో వాళ్ళ తలుపు ముట్టుకుంటున్నానని షాపాయన నా కోసం గుమ్మం పక్కన గుడ్డపీలిక కట్టాడు, పాపం. ఆ వారం నేను పాడుచేసినన్ని తొనలు నా జన్మలో పాడుచేయలేదు. అత్తయ్య ఒక్క మాట అనలేదు. దానికే నాకు ఎక్కువ భయమేసింది.

అలాంటి సమయంలో వచ్చింది భూగోళం టీచరమ్మ. పక్క వీధి స్కూల్లో పాఠం చెబుతుంది, మా పాత ఖాతాదారు. చంకలో ఒక పత్రిక పెట్టుకుని, చెప్పులు విప్పీ విప్పకుండానే మొదలుపెట్టింది.

"మామూలు గోళం కాదమ్మా నాక్కావాల్సింది. ఇదిగో, ఇలాంటిది. ఫొటోలో ఎలా ఉందో అలాగే. దేశాల గీతలొద్దు, పేర్లొద్దు. మబ్బులు కావాలి."

పత్రిక బల్ల మీద పరిచింది. నల్లటి పేజీలో ఒక గుండ్రం. నేను వంగి చూసి, "ఇందులో భూమేదీ?" అన్నాను. నిజంగానే అన్నాను. ఏళ్ళ తరబడి భూమిని చేత్తో అంటించిన మనిషిని నేను. పసుపు దేశం, గులాబీ దేశం, ఆకుపచ్చ దేశం, మధ్యలో నల్ల గీతలు, అదీ నాకు తెలిసిన భూమి. ఇక్కడ అంతా నీలం, దాని మీద సబ్బునురగలా తెల్లటి మబ్బులు, ఆ మబ్బుల సందుల్లో ఎక్కడో కాస్త గోధుమరంగు నేల.

ముందుగదిలోంచి మావయ్య సుద్ద చేతుల్తో వచ్చి చూశారు. చాలాసేపు చూశారు. తర్వాత పకపకా నవ్వారు.

"ఇన్నాళ్ళూ ఇన్ని భూములు చేశాం, ఒక్కదానికీ ఒక్క మబ్బు పెట్టలేదు చూశావా! పుట్టినప్పటి నుంచీ వాటి కిందే తిరుగుతూ, వాటి సంగతే మరిచిపోయాం."

"గీతలు లేకపోతే ఎవరిది ఏదని తెలిసేదెలా?" అంది అత్తయ్య, ఇంకా పత్రిక చూడకుండానే.

"మా పిల్లలూ అదే అడిగారమ్మా. ఫొటోలో గీతలేవి టీచర్ అని. నాకూ చెప్పడం రాలేదు. అందుకే చేయించుకుంటున్నాను, దాన్ని ముందు పెట్టుకుని అందరం కలిసి ఆలోచిద్దామని" అంది టీచరమ్మ. "ఇంకోటి. స్టాండొద్దు. పిల్లలు చేత్తో పట్టుకోవాలి."

"స్టాండు లేకపోతే తలకిందులు పెట్టరూ?"

"పెట్టనివ్వండి."

అత్తయ్య మొహం చూడాలి అప్పుడు. టీచరమ్మని కూడా బ్రష్షు వెనకవైపుతో ఒక్కటిస్తుందేమో అనుకున్నాను. కానీ ఆవిడ చూపు అప్పుడే పత్రిక మీద పడింది. పడి, అక్కడే ఆగిపోయింది.

మబ్బులన్నిటిలో ఒకటి వేరుగా ఉంది. స్నానాలగది తూము దగ్గర నీళ్ళు తిరిగినట్టు గుండ్రంగా సుడి తిరిగిన మబ్బు, నడుమ చిన్న బెజ్జం. దాని పక్కన నేల మోచెయ్యి మడిచినట్టు వంగి ఉంది. అత్తయ్య ఆ మోచేతి మీద వేలు పెట్టి, అక్కణ్ణుంచి సుడి మీదకి జరిపింది.

"ఇది వాడి సముద్రం" అంది.

ఆ వంపు నాకూ తెలుసు. ఉత్తరాన ఉన్న ఆ నేల వంపు దగ్గర తొన ఎప్పుడూ ముడత పడుతుంది, అక్కడ నేను తిన్న దెబ్బలకి లెక్కలేదు. ఆ వంపు పక్క సముద్రం మీదే ఆవిడ రోజూ అరచెయ్యి పెట్టేది. ఫొటో తీసింది ఏ వారంలో? ఓడ మాట ఆగిపోయింది ఏ వారంలో? ఇంకెవరైనా లెక్క కట్టి చెప్పాలా? పైకొచ్చి చెయ్యి ఊపుతానన్నాడు. ఊపే ఉంటాడు, ఆ సుడి కింద.

టీచరమ్మకి ఇదేమీ తెలియదు. పత్రిక మాకే వదిలేసి, వారం ఆగి వస్తానని వెళ్ళిపోయింది.

పని ఒప్పుకున్నాం కాబట్టి చేయాలి. మావయ్య ఇచ్చిన తెల్ల బంతి మీద అత్తయ్య తొనలు లేకుండా, చేత్తోనే, నేలలన్నీ గీసింది. ఆవిడకి చూసి గీయాల్సిన అవసరం లేదు, వేళ్ళకే వచ్చు. నీలం వేసింది, గోధుమరంగు వేసింది. తర్వాత పత్రిక తన ముందు పెట్టుకుని మబ్బులు మొదలుపెట్టింది. చిన్నవి ఒకటో రెండో వేసి ఆగింది. మర్నాడూ ఆగింది. ఆ మర్నాడూ అంతే. సుడి వేయాల్సిన చోట నీలం అలాగే ఉంది.

"మబ్బులు వేయండి అత్తయ్యా, టీచరమ్మ వచ్చే వేళయింది" అన్నాను.

"పక్కనున్నవి సరిగ్గా కుదరట్లేదే. ఇక్కడ దీవులుండాలి, ఫొటోలో నేలుంది."

"కుదరకపోతే కాస్త అటూ ఇటూ వేయండి. మబ్బులకి కొలతలా?"

"నేను వెయ్యను" అంది.

"ఏం?"

"నా చేత్తో నా కొడుకు నెత్తిన తుఫాను పెట్టమంటావా?"

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఇన్ని రోజులుగా మింగిందంతా ఒక్కసారి బయటికొచ్చింది. "మీరు పెట్టకపోతే అది లేకుండా పోతుందా? మీ కొడుకే గానీ నా మొగుడు కాడా? మీరు ముసుగు తన్ని పడుకుంటే రేడియో పలుకుతుందా? తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళు, ఎప్పుడూ ఇంతే! ఇలా ఇవ్వండి బ్రష్షు, నేనే పెడతాను, నా చేత్తోనే పెడతాను!"

ఆవిడ బ్రష్షు ఇవ్వలేదు, నేనే లాక్కున్నాను. మా బల్లకి ఆవిడ ఆ పక్కన, నేను ఈ పక్కన కూర్చుంటాం. పత్రిక ఆవిడ వైపు తిరిగి ఉంది. దాన్ని తిప్పుకునే ఓపిక ఎవరికుంది? తలకిందులుగానే చూస్తూ, బంతిలో నా వైపున్న మొహం మీదే తెల్లరంగు దిద్దడం మొదలుపెట్టాను. పాడైతే పాడవనీ అనుకున్నాను. అసలు పాడుచేయాలనే అనుకున్నానేమో కూడా.

పాడవలేదు. ముందు ఒక పొడుగు మబ్బు వేశాను. దాని అంచు చక్కగా ఒక నేల అంచు వెంట కూర్చుంది. ఇంకోటి వేశాను. దాని సందులో ఫొటోలో ఉన్న చిన్న చుక్క, బంతి మీద సరిగ్గా ఒక దీవి. నా చెయ్యి ఆగింది. పత్రిక వైపు చూశాను, బంతి వైపు చూశాను. నా ఎదురుగా ఉన్నది దక్షిణాన ఉన్న ఇంకో నేల. దానికీ ఒక మోచెయ్యి ఉంది, కిందనుంచి పైకి మడిచింది. తలకిందులుగా ఉన్న ఫొటోలో మోచెయ్యీ, ఆ మోచెయ్యీ ఒక్కటే. అత్తయ్యకి కుదరని దీవులు, కుదరని నేల, అన్నీ ఇక్కడ ఆఖరి తొనలా కూర్చున్నాయి.

"అత్తయ్యా" అన్నాను. పత్రికని బంతి దగ్గరికి జరిపి మళ్ళీ అన్నాను. "అత్తయ్యా, ఇటు రండి. నా పక్కకి రండి."

"ఏం పాడుచేశావే?"

"రండి ముందు!"

వచ్చింది. కళ్ళజోడు సర్దుకుంది. నా భుజం మీద చెయ్యి వేసి పత్రిక చూసింది, బంతి చూసింది. ఒకసారి వేలితో పత్రిక మీద మోచెయ్యి తడిమి, బంతి మీద మోచెయ్యి తడిమింది.

"ఫొటో తలకిందులుగా అచ్చేశారా?" అంది.

ముందుగది గుమ్మంలో మావయ్య నిలబడి ఉన్నారు. నా అరుపులకి వచ్చి ఉంటారు.

"అచ్చేసినవాళ్ళ తప్పేముందే" అన్నారు. "తీసినవాళ్ళు ఎటు తిరిగి తీశారో. అక్కడ స్టాండెక్కడుంది, పైనా కిందా తెలియడానికి?"

భయపడ్డ కంటికి తాడే పాము. ఇంటిల్లిపాదీ భూగోళాలు చేస్తాం, ఉత్తరం పైనే ఉంటుందని మాకంటే గట్టిగా ఎవరు నమ్ముతారు? ఇంకెవరైనా అయితే ఈ పొరపాటు చేసేవాళ్ళే కాదు, వాళ్ళకి ఆ వంపే తెలియదు. మేం చేశాం. చేసి ఇన్ని రోజులు చచ్చి బతికాం.

"అయితే మీ అబ్బాయి ఫొటోలో పడనేలేదు! ఆయన సముద్రం వెనకవైపుంది. భూమి వీపు మీద నిలబడి చెయ్యి ఊపాడన్నమాట, తెలివైనవాడు!" అన్నాను. అని, నవ్వుతూ నవ్వుతూ బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. అత్తయ్య నా వీపు నిమిరింది. పెళ్ళయ్యాక ఆవిడ నా వీపు నిమరడం అదే మొదటిసారి. ఓడ మాట ఇంకా రాలేదు, అది నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. అయినా ఆ సుడి ఆయన మీద లేదు. అంతవరకూ చాలు అనిపించింది.

తర్వాత ఆవిడ నా చేతిలోంచి బ్రష్షు తీసుకుంది. నా పక్కనే కూర్చుని మిగిలిన మబ్బులు వేసింది. హాయిగా, చకచకా వేసింది. సుడి దగ్గరికొచ్చాక మళ్ళీ ఆగింది.

"ఇక్కడ ఎవరుంటారే?"

"ఎక్కడ?"

"ఈ సముద్రంలో."

"ఎవరుంటారు, చేపలుంటాయి. మనకెందుకు అత్తయ్యా? వేసేయండి."

"పక్కన ఊళ్ళుంటాయి కదా. ఊళ్ళుంటే పడవలుంటాయి."

"ఉంటే ఉంటాయి" అన్నాను కాస్త విసుగ్గానే. నా భయం తీరి గంట కాలేదు, అప్పుడే ఇంకో భయం తెచ్చి ఒళ్ళో పెడుతుందేంటి ఈవిడ? నేనెప్పుడూ చూడని నేల అది. దాని మీద నేను అంటించిన పేర్లు కూడా నాకు నోరు తిరగవు.

ఆవిడ బ్రష్షు తెల్లరంగులో ముంచింది. సుడి వేసింది. చాలా మెల్లగా వేసింది.

మర్నాడు పొద్దున్న జిగురు కలుపుతుంటే మందుల షాపాయన గుమ్మం దాకా పరుగెత్తుకొచ్చాడు. "ఫోన్! మీ ఆయనే! స్వయంగా!" నేను వీధి ఎలా దాటానో నాకు తెలియదు. ఎవరిదో సైకిలు గంట మోగింది, ఎవరో తిట్టారు కూడా.

"ఇంజను చచ్చిందే" అన్నాడు ఆయన, గొంతు దూరంగా. "దాంతోపాటు రేడియో కూడా పోయింది. గాలి లేదు, అల లేదు, నడిసముద్రంలో దిష్టిబొమ్మల్లా నిలబడ్డాం. చివరికి ఇంకో ఓడ వచ్చి తాడు కట్టి లాక్కొచ్చింది. నిన్న రాత్రే ఒడ్డు మీద కాలు పెట్టాను."

ఏడిస్తే ఫోన్ కట్ అయిపోతుందేమో అని భయం.

"ఫొటోలో కనబడ్డానా?" అన్నాడు.

"కనబడలేదు. ఫొటో అటు వైపుది" అన్నాను. "ఇంటికి రండి ముందు, మీ పని చెబుతాను."

ఇంట్లో ఎలా చెప్పానో, మావయ్య సుద్ద చేతుల్తోనే కళ్ళు తుడుచుకుని మొహమంతా ఎలా తెల్లగా చేసుకున్నారో, అవన్నీ ఇప్పుడెందుకు. అత్తయ్య మాత్రం "ఒడ్డు మీదే ఉన్నాడా? కాళ్ళు నేల మీదే ఉన్నాయా?" అని నాలుగైదుసార్లు అడిగింది. అడిగినప్పుడల్లా చెప్పాను. విసుగు రాలేదు.

ఆ సాయంత్రం టీచరమ్మ వచ్చింది. బంతిని రెండు చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. సుడిని చూసి "ఎంత బాగుందో" అంది. నేను పెట్టెలో గడ్డి సర్ది బంతిని అందులోకి దింపుతుంటే, "ఆగు" అంది అత్తయ్య.

అలవాటే కదా అని ఆగాను. మామూలుగా అయితే అటు తిరిగి తాళ్ళు సర్దాలి. ఆ రోజు తిరగలేదు, ఆయన క్షేమంగా ఉన్నాడు, ఇంకెందుకు తిరగడం? ఆవిడ వంగి, బంతి మీద అరచెయ్యి ఆనించింది. ఆనించింది దక్షిణపు సముద్రం మీద, ఆ తెల్ల సుడి మీద.

"అటు కాదు అత్తయ్యా, మన సముద్రం వెనకుంది" అన్నాను.

"తెలుసులేవే" అంది, చెయ్యి తీయకుండా. "వాడు ఒడ్డుకి చేరాడుగా. వీళ్ళు చేరారో లేదో."

టీచరమ్మకి ఏమీ అర్థం కాలేదు, నా మొహం వైపు చూసింది. నేనేం చెప్పను? నిన్న చేపలుంటాయన్నది నేనే.

"జాగ్రత్త నాయనా" అంది అత్తయ్య, ఎవరితోనో.

ఆవిడ చెయ్యి తీశాక, నా వేళ్ళకున్న జిగురు గుడ్డకి తుడుచుకుని, అదే చోట నా చెయ్యి పెట్టాను. పెట్టి, ఆ మాటే నేనూ అన్నాను, టీచరమ్మ వినేలాగే. తర్వాత పెట్టె మూసి తాడు కట్టాను. బంతిలో ఏ సూది పైకుందో ఆవిడ చూడలేదు, నేనూ చూడలేదు.